జానెడు రాగి తీగ

ఎల్లారెడ్డి నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు మా గేటు దగ్గర ఆగి, "మీ సారు రాత్రి పోయిండట" అన్నాడు. "సరే" అన్నాను. బడికెళ్లి రెండు పీరియడ్లు లెక్కలు చెప్పాను. మూడో పీరియడ్‌లో చాక్‌పీసు ఎందుకు పట్టుకున్నానో గుర్తురాక, అప్పుడు సెలవు చీటీ రాశాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎల్లారెడ్డి బడిలో ఆయన సైన్సు సారు. ఇంట్లో లైసెన్సున్న రేడియో ఉండేది, వినడానికే కాదు, మాట్లాడటానికి కూడా. ఆ పిచ్చి నాకూ అంటించారు. నేను కామారెడ్డికి బదిలీ అయ్యాక రోజూ పొద్దున ఏడింటికి రేడియోలోనే పలకరించుకునేవాళ్లం. "ఏం తిన్నవ్ తమ్మి?" అని మొదలుపెట్టేవారు. ఆ పొద్దున ఆయన పలకకపోతే కరెంటు లేదేమో అనుకున్నాను.

రేడియో కోసం మిద్దె మీద కట్టే ఏరియల్ తీగ సరైన పొడవుందో లేదో చూసే మీటరు ఆయనే బిస్కెట్ డబ్బాలో కట్టుకున్నారు. కొసన చిన్న తీగచుట్ట, పైన ముల్లు. తీగ దగ్గర పట్టి మెల్లగా డయల్ తిప్పాలి. తీగ ఏ ఫ్రీక్వెన్సీకి పలుకుతుందో అక్కడ ముల్లు ఒక్కసారి కిందికి పడుతుంది. ఆయన కొలిచే రోజు మిద్దె మీద తడిబట్టలు ఆరేయడం బంద్. "ఆ తీగకున్న మర్యాద నాకు లేదు" అనేది అక్క, అంటే సారు భార్య, బకెట్టు పట్టుకుని మెట్లు దిగుతూ.

"దూరం నుంచి అడుగు తమ్మి. మీద పడి అడిగితే తీగ గూడ అబద్ధం చెప్తది" అనేవారు సారు, మీటరు పడుతూ. క్లాసులో పిల్లలను ప్రశ్న అడిగినా ఆయన రెండడుగులు వెనక్కి జరిగే అడిగేవారు.

నేను ఆ మాట వినలేదు. కామారెడ్డిలో మొదటి ఏరియల్ కట్టుకున్నప్పుడు ముల్లు బాగా కనబడాలని మీటరును తీగకు ఆనించినంత పని చేశాను. తీగ పొడవెక్కువని చూపించింది. రెండు కొసలా చెరో జానెడు కోసేశాను. తీరా చూస్తే పొట్టిదైపోయింది. కోసిన ముక్కల కోసం వెతికితే, పాత సామాన్లకు అమ్ముకోవడానికి ఎవరో పట్టుకుపోయారు. ఊళ్లో అలాంటి రాగి తీగ దొరకలేదు.

బస్సు కండక్టరుతో కబురంపితే ఆ ఆదివారమే సారు బస్సులో వచ్చారు, సంచిలో రెండు రాగి ముక్కలు. తిడతారనుకున్నాను. "ఇంట్ల పడి ఉండె" అని, నా తీగకు అతికి, సీసం కరిగించి టాకా వేశారు. "అతుకుంటే సిగ్గేంది? పలికితే చాలు" అన్నారు. నేనూ పడి ఉన్నవే అనుకున్నాను.

పదో రోజు దాటాక అక్క పిలిచింది. కిరాయి ఇల్లు ఖాళీ చేస్తోంది. "ఆ తీగ నువ్వే దించు తమ్మి. వేరేటోళ్లు కోసేస్తరు."

మిద్దెక్కి, కోయకుండా ముడులు విప్పి సారు తీగ దించాను. చుట్ట చుడుతుంటే కొస దగ్గర వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. టాకా. అక్కడి నుంచి చివరిదాకా రాగి కాదు, తుప్పు పట్టిన ఇనుప తీగ. రెండో కొస చూశాను. అదీ అంతే.

జానతో కొలిచాను. మళ్లీ కొలిచాను. రెండు వైపులా జానెడే.

"ఏమైంది తమ్మి?" అంది అక్క. ఏం లేదన్నాను. తీగ చుట్టను భుజానికి తగిలించుకుని మెట్లు దిగాను.

ఇప్పుడూ ఏడింటికి రేడియో పెడతాను. మాట్లాడను. మిద్దె మీద నా తీగ గాలికి ఊగుతుంటుంది, రెండు కొసలా ఆయనది చెరో జానెడు.