మిడత పొట్టా, అత్తమ్మ చిటికెన వేలూ

నిన్న పొద్దున పోతిరెడ్డిపల్లిలో మా బాల్కనీలో ఆరేసిన చీర మీద ఒక పచ్చ మిడత వాలింది. పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒకప్పుడు దాని జాతిని నేను పెట్టిన తిప్పలు చాలు.

ఇద్దరు పిల్లలు పుట్టాక డిగ్రీలో చేరినదాన్ని. అప్పట్లో జంతుశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో మిడతను కోసి, పేగు తెగకుండా పరిచి చూపించాలి. మొదటిసారి చెయ్యి వణికి పేగు కాస్తా తెగింది, ఫెయిలయ్యాను. ఇంకోసారి తప్పితే ఇక కాలేజీ బంద్ అని మా ఆయన ముందే చెప్పేశాడు. నాకా, టీచర్ని కావాలని పట్టుదల. రోజుకొక మిడతను కోసి తీరాలని ఒట్టు పెట్టుకుని, వంటింటి గట్టు మీద మైనం పోసిన పళ్ళెం పెట్టాను. ఆ వారమంతా మా ఆయన ఏ డబ్బా మూత తీయాలన్నా లోపల మిడతలున్నాయేమోనని నన్నడిగే తీశాడు.

మిడతలను పట్టి తెచ్చింది అత్తమ్మే. జొన్నచేలల్లో కూలికి పోయిన మనిషి, తర్వాత కాజీపల్లిలో మందుల కంపెనీలో చేరింది. కదిలే బెల్టు మీద విరిగిన గోలీలను చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో ఏరడం ఆమె పని. మూడో రోజు కూడా పేగు తెంపుకుని నేను ఏడుస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"చెయ్యి గాల్లో ఉంచితే వణకదా బిడ్డా? చిటికెన ఏలు గట్టుకు ఆనిచ్చి పట్టు. మేం గోలీలు గట్లనే ఏరుతం."

ఇంకో మిడతను తీసి, రెక్కలు విప్పి గుండుసూదులు గుచ్చాను. వేలు ఆనించాను. పొట్ట పక్కన వరుసగా ఉండే ఊపిరి రంధ్రాల పైనుంచి కత్తెర నడిపి, వీపు మీది పెంకు ఎత్తాను. వెండి దారాల్లాంటి గాలిగొట్టాలను ఓపిగ్గా తప్పించేసరికి, తిన్న గడ్డితో సహా పేగు మొత్తం తెగకుండా బయటికొచ్చింది. ఆ రంధ్రాలు కావాలంటే మూసుకుంటాయి కూడా అని చెబితే అత్తమ్మ చాలాసేపు వంగి చూసింది.

"మా కంపెనీ వాసనకు మాకు గూడ గిసోంటివి ఉంటె మంచిగుండు," అంది.

పాసయ్యాను, టీచర్నీ అయ్యాను. మా బడి పిల్లలు మిడతను కంప్యూటర్ తెర మీదే కోస్తారు, ఎవరి చెయ్యీ వణకదు.

ఇప్పుడు వణికేది అత్తమ్మ చెయ్యి. నిన్న మిడతను చూద్దువు రమ్మంటే గోలీల పట్టీతో సహా బాల్కనీలోకి వచ్చింది. పట్టీ నేను పట్టుకున్నాను. నా మణికట్టుకు చిటికెన వేలు ఆనించి, ఒక్క గోలీని నిదానంగా ఒత్తి తీసుకుంది. కాలం ఆమె చేతి నిలకడను తీసుకుపోయింది గాని, ఎంతో దూరం కాదు, నా చేతి దాకానే.