మేకుల పలక

మా సూర్యాపేట ఇంటి ముందు మంచమంత పచ్చిక ఉంది. తొక్కీ తొక్కీ నేల బిగిసిపోయి, పోసిన నీళ్లు పైనే నిలుస్తుంటే, నేలకు రంధ్రాలు చేసే పనిముట్టు కోసం ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి మట్టిని ముద్దలుగా పెకిలించే గొట్టాలది, రెండోది కాళ్లకు కట్టుకుని తిరిగే మేకుల చెప్పులు. "చెప్పులు తీస్కపోన్రి సారూ, అల్కగ ఉంటయి" అన్నాడు. కొత్త ఇనుము, నూనె కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఏదీ కొనకుండా వచ్చేశాను.

తొమ్మిదేళ్ల వయసులో ఇలాంటి ఎంపికే ఒకటి చేశాను. అప్పటికింకా మాకు నిజాం పాలనే. మాడుగులపల్లికి దగ్గరి ఊళ్లో మాది భూములున్న ఇల్లు. కోదాడలో ఎవరో అధికారి బంగళా ముందు పచ్చిక చూసొచ్చిన నాయన, మన వాకిట్లోనూ ఉండాలని గరిక నాటించాడు. వానాకాలం సాయంత్రాలు, అమ్మ పెట్టిన బొబ్బెర గుడాలు బుక్కుతూ, తడి గరిక వాసనలో మేం పిల్లలం చిర్రగోనె ఆడుతుంటే, నాయన అక్కడే కుర్చీ వేయించుకుని వచ్చేపోయేవాళ్ల దండాలు అందుకుంటుంటే, ఆ నల్లరేగడి రాయిలా బిగిసి గరిక పండిపోసాగింది. నేలకు రంధ్రాలు పొడవాలన్నాడు నాయన.

గరిక బాగోగులు మల్లయ్యవి. కూలి లేని వెట్టి మనిషి. మా ఆవరణలో అడుగు పెట్టేముందు తన కిర్రు చెప్పులు దర్వాజ బయటే విడవాలి. అది మా ఇంటి కట్టుబాటు.

"గడ్డి మేపుడు సూసిన గని, గడ్డికి గాలి పెట్టుడు మీ ఇంట్లనే సూస్తున్న" అని నవ్వుతూనే, విరిగిన ఇనుప గొట్టానికి కమ్మరితో అంచుకు పదును పెట్టించి తెచ్చాడు. నేను నాయన మెప్పు కోసం ఒక చెక్క పలకకు ఇరవై మేకులు దిగ్గొట్టించాను.

"మేకులు గుచ్చితె సుట్టూ మట్టి ఇంక బిగుస్తది చిన్నదొరా. గొట్టమైతె మట్టిని బయటికి తీస్తది."

"నువ్వేమన్న సదువుకున్నవా?" అన్నాను.

"సదువు లేదు. కాళ్లకు ఎరుకైతది."

నాయన పకపకా నవ్వాడు. "మా పిలగాని తెలివి సూసినవా మల్లిగా? ఆ గొట్టం అవతల పారెయ్."

మర్నాడు పలకతో ఆడుతుంటే వాన వచ్చింది. మేకులు పైకి ఉండగానే గరికలో వదిలేసి లోపలికి పరుగెత్తాను. తెల్లవారి కొడవలితో వచ్చిన మల్లయ్య వట్టి కాలితో దాని మీద అడుగు వేశాడు. రెండు మేకులు మడమలో దిగాయి.

"ఎవడేసిండు గీడ?" నాయన అరిచాడు.

"మల్లయ్యనే నాయనా. నిన్న గీడనే పడేసిండు" అన్నాను.

మల్లయ్య నా వైపు చూశాడు. "అవు దొరా. నేనే మర్సిన" అన్నాడు.

గాయానికి పసుపు పెట్టుకుని పనికి వస్తూనే ఉన్నాడు. ఎనిమిదో రోజు దవడలు బిగుసుకుపోయాయి. అతని భార్య లచ్చమ్మ వచ్చి, మిర్యాలగూడ దవాఖానకు బండి ఇమ్మని వాకిట్లో కూలబడింది.

"వాని తప్పుకు నా ఎడ్లెందుకు?" అన్నాడు నాయన.

తప్పు నాదని ఒక్క మాట చెబితే నాయన బండి కట్టించేవాడు. కొడుకు చేసిన పనికి ఊళ్లో మాట పడడం ఆయనకు గిట్టదు. నేను తలుపు వెనక నిలబడి కూడా నోరు విప్పలేదు. మల్లయ్య మరో రెండు రోజులే బతికాడు. వెట్టి ఇంటిదే కాని మనిషిది కాదు. నెల తిరక్కుండానే లచ్చమ్మ వచ్చి ఆ గరిక కోయసాగింది. ఆమెకూ నేను చెప్పలేదు. తర్వాత జనం దొరల మీద తిరగబడ్డ గొడవల్లో మేం ఊరు విడిచాం.

మొన్న, ఇన్నేళ్లకు, ఆ ఊరికి వెళ్లాను. మా ఇల్లు లేదు. నాగార్జున సాగర్ నీళ్లొచ్చాక మా వాకిలి మీదుగా వరి పొలాలే. గట్టు మీద కూర్చున్న ముసలాయన్ను మల్లయ్య, లచ్చమ్మల వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఏ మల్లయ్య సారూ? మస్తుమంది ఉన్నరు. ఇంటిపేరేంది?"

నాకు తెలియదు. నేనెన్నడూ అడగలేదు.