నిమ్మకాయ పరీక్ష

ఆ సీరియల్ మీద నాకు ఏ మాత్రం గౌరవం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక వారపత్రికలో మొదలైంది. పత్రిక మూతపడింది గానీ సీరియల్ మూతపడలేదు. పుస్తకాలుగా వచ్చింది. పుస్తకాలు కొనేవాళ్లు తగ్గిపోతే ఫోన్లలోకి ఎక్కింది. ఇప్పుడు రోజుకో భాగం చొప్పున ఎవరో గొంతు బొంగురు చేసుకుని చదువుతారు. నేను జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో ఆఫీసుకు దిగేదాకా చెవుల్లో పెట్టుకుని వింటాను. రాసేవాడికి ముగించడం చేతకాదు, నాకు మానేయడం చేతకాదు. ఇద్దరం ఒకరికొకరం తగినవాళ్లమే.

కథానాయకుడు హైదరాబాద్‌లో ఒక ఇరానీ హోటల్ మీది గదిలో ఉంటాడు. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు సగం మనిషి, సగం పిశాచం. మే నెల ఎండలో కూడా మోకాళ్ల దాకా నల్లకోటు వేసుకుని తిరుగుతాడు. మంత్రగాళ్లను, మంత్రగత్తెలను వెతికి పట్టుకుని చంపడం ఆయన వృత్తి. జీతం ఎవరిస్తారో ఇన్నేళ్లలో ఎక్కడా చెప్పలేదు. మంచివాడు కాదట. ఆ సంగతి మనం ఎక్కడ మరిచిపోతామోనని ప్రతి పుస్తకంలో ఒకసారి కిటికీ దగ్గర నిలబడి, "జనం నన్ను ప్రేమించనక్కర్లేదు, భయపడితే చాలు" అంటాడు. ఇరవై ఏళ్ల వయసులో జనగామ బస్టాండులో నిలబడి ఆ మాట నాలో నేను అనుకున్నవాణ్నే. అప్పుడు నాకు మీసం కూడా సరిగా రాలేదు. నన్ను చూసి భయపడింది మా గల్లీ కుక్క ఒక్కటే, అదీ నా చేతిలో రాయి ఉన్నప్పుడు.

ఇంకో ముచ్చట. ఆ కథలో మంచివాళ్లంతా టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. శ్మశానం కాపలావాడు, గోడల్లో ఉండే పిశాచాలు, కథానాయకుడి బూట్లు తుడిచే మరుగుజ్జు దయ్యం మాత్రం మన మాట మాట్లాడతాయి. "ఏంది దొరా, గిట్ల జేస్తివి" అని అది అనగానే వెనక నుంచి నవ్వులు వేస్తారు. చచ్చి దయ్యమైనా మన యాస మనల్ని వదలదని ఆ రచయిత నమ్మకం కాబోలు.

నిమ్మకాయ పరీక్ష ఈ నల్లకోటు మహానుభావుడు కనిపెట్టిందే. అనుమానం ఉన్న మనిషి గడప ముందు పసుపు, కుంకుమ పూసిన నిమ్మకాయ పెట్టాలి. మామూలు మనిషైతే బెదిరి పక్కనుంచి పోతుంది. మంత్రగత్తె అయితే బెదరకుండా చేత్తో తీసుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు రైల్లో గట్టిగా నవ్వాను, పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు. భయపడితే మనిషి, భయపడకపోతే దయ్యం అన్నమాట! పిరికితనానికి ఇంత మర్యాద ఏ శాస్త్రంలోనూ దక్కలేదు. అయితే నేను కూడా మూడు బాటల దగ్గర నిమ్మకాయ కనబడితే స్కూటర్ పక్కకు తిప్పుతాను. టైరు పాడవుతుందని.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, భూపాలపల్లి దాటి మహదేవపూర్ వైపు ఒక ఊళ్లో ఉంటుంది. చిన్నాయన పోయిన తర్వాత ఒక్కతే. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండిపెడుతుంది. ఆమె బతుకుదెరువు అదే, ఆమె గొప్ప కూడా అదే. నేను ఎప్పుడు పోయినా మధ్యాహ్నం బడికే పోయేవాణ్ని. పిల్లలు పళ్లేలు పట్టుకుని మీదపడేవాళ్లు. "అవ్వా, ఇంకింత! అవ్వా, నాకు మాడు!" అని గంజు అడుగున అంటుకున్న మాడు కోసం కొట్లాట పెట్టుకునేవాళ్లు. "మీయి కడుపులా, చెరువులా?" అని తిడుతూనే గంటెతో గీకి గీకి పెట్టేది. ఆ తిట్లు పడితే గానీ వాళ్లకు అన్నం దిగేది కాదు.

పోయిన సంవత్సరం వానాకాలం ముగిసే రోజుల్లో ఆమె నాకు ఫోన్ చేసింది.

"జాడి నిండ నిమ్మకాయ తొక్కు వెట్టిన బిడ్డా. వచ్చి తీస్కపో. ఎవడో పొద్దుగాల పొద్దుగాల నా గడప ముంగట నిమ్మకాయలు వెట్టి పోతాండు."

"ఎట్లాంటి నిమ్మకాయలు చిన్నమ్మా?"

"పసుపు కుంకుమ రాసినయి. అయితేంది, కడిగితే నిమ్మకాయ నిమ్మకాయే గద." మళ్లీ తనే, "ఈ నడుమ బడికాడ పొల్లగాండ్లు నా బువ్వ తింటలేరు బిడ్డా. ఇంటికాంచి డబ్బాలు తెచ్చుకుంటాన్రు. ఎందుకో సమజైతలేదు" అంది.

ఆమెకు సమజు కాలేదు. నాకైంది. ఆ దిక్కుమాలిన సీరియల్ ఇన్నేళ్లు విన్నందుకు నాకు ఒరిగిన జ్ఞానం అదొక్కటే. మా వైపు మంత్రగత్తె అన్నది ఉత్త మాట కాదు. ఆ పేరు పడ్డవాళ్లను చెట్టుకు కట్టేసి కొట్టిన ఊళ్లున్నాయి, పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్నాయి. సెలవు పెట్టి మర్నాడు పొద్దున్నే హనుమకొండలో ఒక బస్సు, భూపాలపల్లిలో ఒక బస్సు మారి, మధ్యాహ్నానికి నేరుగా బడికే పోయాను.

పిల్లలు వేపచెట్టు నీడలో ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుని తింటున్నారు. గంజులో అన్నం అట్లాగే ఉంది. చిన్నమ్మ గంటె పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. హెడ్మాస్టర్ నన్ను పక్కకు పిలిచాడు. ఆయన బల్ల మీద కూడా ఒక కొత్త డబ్బా ఉంది.

"నేను ఇట్లాంటివి నమ్మను గానీ," అని మొదలుపెట్టాడు.

చదువుకున్నవాళ్ల నోటి నుంచి ఈ ముక్క ఎన్నిసార్లు విన్నానో! ఆ "గానీ" తర్వాత వచ్చేదంతా నమ్మకమే. పక్కింటాయన బర్రెలు చిన్నమ్మ చిక్కుడు పాదులో పడ్డాయట. ఆమె "నీ బర్రెల మీద మన్నువడ" అన్నదట. వానల్లో జబ్బు చేసి రెండు బర్రెలు చచ్చాయట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే ఊరది, ఇక చెప్పాలా? తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదనీ, పిల్లలు ఇట్లాగే తినకపోతే ఈ నెలాఖరుకు వంటకు వేరే మనిషిని పెట్టుకోక తప్పదనీ హెడ్మాస్టర్ చాలా బాధపడుతూ చెప్పాడు.

సాయంత్రం ఆ పక్కింటాయన కొడుకును కాలువ గట్టు మీద పట్టుకున్నాను. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. వాడి ఫోన్ వెనక నల్లకోటు బొమ్మ ఉంది. నేను ఆ సీరియల్ వారపత్రికలో ఉన్నప్పటి నుంచి చదువుతున్నానని తెలియగానే లేచి నిలబడ్డాడు.

"మొదటి నుంచా అన్నా? మీ అసొంటోళ్లు దొరుకుడే కష్టం!"

"నిమ్మకాయలు నువ్వే పెట్టినవా?"

"ఔనన్నా. ఊకెనే ఒకలను అనొద్దు గద, రుజువుండాలె." వాడి ముఖంలో రవ్వంత సిగ్గు లేదు, పైగా పరిశోధకుడి గాంభీర్యం. "పెట్టినయన్ని తీస్కపోయిందన్నా. చెయ్యి గూడ వణకలే. కడిగింది, కోసింది, ఉప్పు వెట్టింది. ఉప్పన్నా! ఉప్పు వెడితే ఎదుటోళ్ల మంత్రం కట్టువడ్తదని మూడో పుస్తకంల ఉన్నది గద!"

"తొక్కుల ఉప్పు పెట్టక చక్కెర పెడతరారా?"

వాడికి అది వినబడలేదు. సరే, ఆ సీరియల్ భాషలోనే చెబుదామని, "తర్వాతి పుస్తకంల ఆ పరీక్ష తప్పని తేలుతది. వాడు చంపిన ముసలామె ఏ పాపం ఎరగదు. ఆమె సమాధి కాడ నిలబడి ఏడుస్తడు, యాదికి లేదా?" అన్నాను.

వాడు జాలిగా నవ్వాడు. "అది అసలాయన రాయలేదన్నా. ఆయనకు పాణం బాగలేకుంటే వేరేటోళ్లతోని రాయించిన్రు. ఆ పుస్తకం లెక్కకు రాదు."

ఇక ఆ గట్టు మీద కూర్చుని ఇద్దరం చాలాసేపు, ఏ పుస్తకం లెక్కకు వస్తుంది, ఏది రాదు అని వాదించుకున్నాం. మా చిన్నమ్మ మంత్రగత్తె అవునా కాదా అన్నది దాని మీద ఆధారపడి ఉంది. నేను ఓడిపోయాను. వాడికి భాగాల పేర్లతో సహా కంఠస్థం.

ఇంటికొచ్చి చిన్నమ్మకు అంతా చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని విన్నది.

"తొక్కు వెట్టినందుకా?"

"ఊఁ."

"గంతేనా?" అంది. పొయ్యిలోకి కట్టె ఎగదోసి, "వాడు గూడ నా చేతి బువ్వ తిని పెరిగినోడే. మాడు కోసం ఎంత ఏడ్సేటోడో" అంది.

పోలీసులకు చెబుదాం అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇన్ని పుస్తకాలు చదివి నువ్వు తెలుసుకున్నది ఇదా అన్నట్టు ఉంది.

"పోలీసులొచ్చి పొల్లగాండ్ల నోట్లె ముద్దలు వెడ్తరా బిడ్డా?"

పొద్దున నేను లేచేసరికి ఆమె జుట్టు విరబోసుకుని, నుదుటి నిండా కుంకుమ పెట్టుకుని, తొక్కు జాడీ చంకన పెట్టుకుని పక్కింటి వాకిట్లో నిలబడి ఉంది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లంతా బిందెలు వదిలి చూస్తున్నారు.

"ఔ. మీరన్నది నిజమే. నాకు మంత్రం వస్తది," అంటోంది. గొంతు పెంచలేదు. "నిమ్మకాయలు పంపిన్రు, తొక్కు వెట్టుకున్న. ఇగ ఇనుర్రి. ఇయ్యాల బడికాడ నా చేతి బువ్వ ఎవల పోరడు తినడో, ఆ ఇంట్ల..." అని ఆపి, జాడీ మూత తీసి లోపలికి చూసింది. మళ్లీ మూత పెట్టింది. "నేనెందుకు జెప్పుడు? మీకే తెలుస్తది."

ఎవరైనా కర్ర అందుకుంటారేమోనని ఆమె పక్కకు పోయి నిలబడ్డాను. ఎవరూ అందుకోలేదు. కాదు కాదని ఏడ్చి ఉంటే కొట్టేవాళ్లేమో. అవునంటే ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఆ సీరియల్‌లో కూడా ఏ మంత్రగత్తే తనంతట తాను ఒప్పుకోదు. పక్కింటాయన రెండు చేతులూ జోడించాడు. పిశాచాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్ల పుత్రరత్నం తల్లి కొంగు వెనక నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఉంది, వీడియో తీయడం కూడా మరిచిపోయాడు.

తిరిగి వస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. నల్లకోటు లేదు, ఇరానీ హోటల్ లేదు, చంకలో ఒక తొక్కు జాడీతో ఊరు ఊరంతటినీ వణికించింది! "ఏం జేసినవ్ చిన్నమ్మా!" అన్నాను. ఆమె నవ్వలేదు. తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, బడికి పోయి పొయ్యి ముట్టించింది.

ఆ రోజు ఒక్క డబ్బా కూడా రాలేదు. గంట కొట్టగానే పిల్లలంతా పళ్లేలు పట్టుకుని వరుసగా వచ్చారు. ఎవరూ తోసుకోలేదు. పప్పుచారు పోసుకుని వేపచెట్టు కింద కూర్చుని, తల ఎత్తకుండా, గబగబా తిన్నారు. మెతుకు మిగల్చలేదు. హెడ్మాస్టర్ కూడా ఒక పళ్లెం తెప్పించుకున్నాడు. ఆయన ఇట్లాంటివి నమ్మడు గానీ. "చూసిన్రా, ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది" అని నాతో అంటూ, మొదటి ముద్ద తినేటప్పుడు ఆమె వైపు చూసి నమస్కారం లాంటిదేదో పెట్టాడు.

చిన్నమ్మ గంటె పట్టుకుని పిల్లల మధ్యకు పోయింది. గంజు అడుగున మాడు గీకి ఒక గిన్నెలో వేసుకుని తెచ్చింది.

"ఇంకింత ఎవలకు గావాలె?" అని అడిగింది.

పిల్లల తలలు ఇంకింత వంగాయి. "మాడున్నదిరా," అంది. నవ్వడానికి చూసింది. "మీయి కడుపులా..." అని తిట్టబోయి, ఆ తిట్టు ఇప్పుడు వాళ్లకెట్లా వినబడుతుందో తట్టినట్టుంది, మధ్యలోనే ఆపేసింది. ఆమె దగ్గరగా వంగేసరికి, ముందు వరుసలో కూర్చున్న ఒక చిన్నపిల్ల తన పళ్లేన్ని రెండు చేతులతో కప్పుకుంది.