పేరు చెప్పకూడని పలహారం

మొన్న మా మనవరాలు కొత్తగా కొన్న ఓవెన్ ముందు నిలబడి, గిన్నెలో మామిడిపండు ముక్కలు పరిచి, వాటి మీద పిండి చల్లుతూ, "అవ్వా, దీన్ని కాబ్లర్ అంటారు, నీకు తెలీదులే" అంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాకు నవ్వు ఆగలేదు. తిరుపతిలో మా వీధికి కరెంటు రాకముందే నేను ఆ వంట చేశాను. ఊరికే చేయడం కాదు, బ్రహ్మాండంగా చేశాను. దాని పేరు పలికినందుకు నా పెళ్ళి సంబంధం తప్పిపోయినంత పనైంది కూడా. ఆ సంగతంతా మొదలుపెడితే పిల్ల పిండి మాడబెడుతుందని అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

మాది చిత్తూరు జిల్లా, తిరుపతి. నాయన చర్చి బడిలో మాస్టరు. నన్ను ఆడపిల్లల బోర్డింగులో పెట్టి చదివించాడు. అక్కడ వంట నేర్పడానికి అమెరికా దొరసాని ఒకామె ఉండేది. ఆమెది పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. వంటింట్లోకి పిల్లి దూరినా "మీరు దయచేసి బయటికి వెళ్ళండి" అనేది. పిల్లి వెళ్ళేది కాదు. ఆమె నేర్పిన వాటిలో నాకు బాగా పట్టుబడింది ఈ కాబ్లరే. కింద పండ్ల ముక్కలు, పైన వెన్న కలిపిన పిండి పొడిపొడిగా చల్లి కాల్చడం, అంతే. కోడిగుడ్లు గిలకొట్టే పని లేదు, పొంగిందా లేదా అన్న దిగులు లేదు. చేతకానివాళ్ళకు కూడా వస్తుందని ఆమె చెప్పేది. నాకు మొదటిసారే వచ్చింది కాబట్టి ఆ మాట నన్ను అన్నది కాదని అనుకున్నాను.

యుద్ధం రోజుల్లో, మామిడికాయల కాలంలో పుత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి రేణిగుంటలో రైల్వే గుమాస్తా. అంతకుముందు చర్చి కూటాల్లో ఒకసారి చూశాను. నా కంటికి నచ్చాడు. ఆ సంబంధం కుదరాలని ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆశపడింది నేనే. నాయన గొప్పకు పోయి, మా అమ్మాయి దొరల వంటలు చేస్తుందని వాళ్ళకు కబురు చేశాడు. అయితే అదే పెట్టండి, తింటాం అని వాళ్ళూ కబురు చేశారు. "ఏం చేస్తావమ్మా?" అని నాయన అడిగితే, "కాబ్లర్ చేస్తా నాయనా" అన్నాను.

నాయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఆ మాటకు చెప్పులు కుట్టేవాడని అర్థం. మా తాత, అంటే నాయనను కన్న తండ్రి, చేసే పని అదే. వీధి వసారాలో గోనెపట్టా పరుచుకుని, తోలును పొడిచే ఆరె చేతబట్టుకుని రోజంతా కుట్టేవాడు. నాయన చదువుకున్నది ఆ కుట్టుపని మీదే. మాస్టరయ్యాక ఆ పని మానమని నాయన ఎంతో బతిమాలాడు, తాత వినలేదు. నాయనను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఊళ్ళో తక్కిన మాస్టర్లు మా గడపలో మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవాళ్ళు కాదు. దాన్ని ఆయన ఏనాడూ పైకి అనలేదు, లోపల మాత్రం కుమిలేవాడు. "ఏమైనా చెయ్యి, ఆ పేరు మాత్రం నోట రానీయొద్దు. కేకు అని చెప్పు" అన్నాడు నాతో. తాతను ఆ పూటకు ఏర్పేడులో చుట్టాలింటికి పొమ్మన్నాడు.

"నా ఇంట్లోంచి నేనేల పోవాల? దొంగతనం చేసినానా?" అన్నాడు తాత. నాయన మొహం చూసి, "పెరట్లో పొయ్యికాడ కూసుంటాలే. ముందరికి రానులే, పో" అన్నాడు. తన ఆరె, తోలుముక్కలు తానే గోనెలో చుట్టి అటక మీద పెట్టించాడు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళు మండేంత కోపమూ వచ్చింది. ఆ వంట పేరుకు అర్థమేమిటో తాతకు నేనే చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "చెప్పులు కుట్టేవోని పేరు తీపికి పెట్టుకున్నారంటే ఆ దేశమేదో మంచిదే అబ్బా" అన్నాడు.

బోర్డింగులో అయితే ఇనప పొయ్యి ఉండేది, మైదా ఉండేది. ఇంట్లో రెండూ లేవు. చక్కెర రేషనులో కొద్దిగా ఇచ్చేవాళ్ళు, అది కాఫీకే చాలదు. సరే, బెల్లం పొడి, కాస్త గోధుమపిండి, మిగతాది రాగిపిండి అనుకున్నాను. ముందురోజు ఒకసారి చేసి చూశాను. చట్టి మీద మూత బిగించి పెట్టేసరికి ఆవిరంతా మళ్ళీ పిండి మీదే కారి ముద్దయిపోయింది. అమ్మ తొంగి చూసి, "ఏం మ్మే, సంగటి మీద మామిడిపండు పులుసు పోసినట్టు ఉండాదే!" అంది. నేనేమీ బెదరలేదు. మర్నాడు బేనీషా మామిడిపండ్లు, మరీ మెత్తబడనివి చూసి తరిగాను. వెన్నను చన్నీళ్ళ కుండలో ఉంచి గట్టిపడ్డాక తీసి, పిండిలో వేళ్ళ కొసలతో మాత్రమే నలిపాను. అరచెయ్యి తగిలితే వేడికి కరిగి ముద్దవుతుంది. వేయించిన చెనిక్కాయలు, అవే వేరుశనగ గింజలు, బద్దలు చేసి కలిపాను. మూతకు ఒక పక్క పెంకుముక్క ఎత్తు పెట్టి ఆవిరికి దారి ఇచ్చాను. మూత మీద నిప్పులు, కింద సన్నని సెగ. రాగిపిండి ముందే నల్లన, కాలిందో లేదో రంగు చూసి చెప్పలేం. గరిటె కొసతో తట్టి, టకటకమన్నాక దించాను. అంతసేపూ నిప్పులు చల్లారకుండా విసురుతూ కూర్చున్నది తాతే.

పుత్తూరువాళ్ళు ముగ్గురు వచ్చారు, అబ్బాయి, వాళ్ళ అమ్మా నాయనా. అబ్బాయి అమ్మది గట్టి గొంతు. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే కరకరమన్న చప్పుడు గదిలో అందరికీ వినబడింది. ఇంకో రెండు చెంచాలు తిని, "దీని పేరేంది మ్మా?" అని అడిగింది. నేను నోరు తెరవకముందే నాయన, "కేకు అండీ" అన్నాడు.

"కేకు నేను తిన్నాలే మాస్టరూ, ఇది కేకు కాదు. పిల్లను సెప్పనీండి" అందామె.

నాయన నా వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు అది. అబ్బాయి కూడా నన్నే చూస్తున్నాడు. ఒక్క మాటతో ఈ మనిషి నాకు దక్కకుండా పోతాడని తెలుసు. పెరట్లో ఉన్న ముసలాయన్ని దాచిపెట్టి దక్కించుకుంటే, ఇక జీవితమంతా దాస్తూనే ఉండాలనీ తెలుసు.

"కాబ్లర్ అంటారత్తా. ఇంగ్లీషులో చెప్పులు కుట్టేవాడని అర్థం. మా తాత చేసే పనీ అదే. దీనికి నిప్పులు చూసింది ఆయనే. పెరట్లో ఉండాడు" అన్నాను. సంబంధం కుదరకముందే అత్తా అనేశానని తర్వాత అమ్మ చాలాకాలం దెప్పింది.

నాయన తల వంచుకున్నాడు. ఆమె పళ్ళెం కింద పెట్టి మొగుడి వైపు తిరిగి, "సూసినావా? నేను సెప్పలా?" అంది. ఆయన ఇంటి దూలాలు చూస్తున్నాడు. ఆమె మా నాయనతో, "మా మామదీ అదే పని మాస్టరూ. పుత్తూరు సంతలో కుట్టుకుంటా ఉంటాడు. తోడుకొద్దామని నేను సెప్తానే ఉన్నా, మీరు సదువుకున్నోళ్ళు, ఏమనుకుంటారో అని రావద్దని సెప్పొచ్చినాం. మనవడికి పిల్లను సూసేదానికి వస్తానని పొద్దున్నే కొత్త పంచె కట్టుకుని కూసున్నాడు. విప్పించి వచ్చినాం" అంది.

నాయన లేచి పెరట్లోకి వెళ్ళాడు. తాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన చేతులకు ఇంకా బూడిద ఉంది. అబ్బాయి లేచి దండం పెట్టాడు. తాత అతని జీతం అడగలేదు, ఉద్యోగం అడగలేదు. "మీ పెద్దాయన తోలు యాడ కొంటాడు నాయనా?" అని అడిగాడు. "మీరే వచ్చి అడగండి తాతా" అన్నాడు అబ్బాయి. నా మనసులో పెళ్ళి ఆ క్షణమే అయిపోయింది. మాట ఖాయం చేసుకోవడానికి నాయన తాతనే ముందు నడిపించుకుని పుత్తూరు వెళ్ళాడు. అక్కడ అందరి ముందూ, "మా నాయన, చెప్పులు కుడతాడు" అన్నాడు.

మా పెద్దవాణ్ణి బడిలో చేర్చిన రోజున మాస్టరు, మీ పెద్దలు ఏం చేసేవాళ్ళని అడిగితే, వాడు చెప్పులు కుట్టేవాళ్ళని తరగతంతటికీ వినబడేలా చెప్పి వచ్చి కూర్చున్నాడట. నాయన నోటికి రావడానికి సగం జీవితం పట్టిన మాట, వాడికి ఐదో ఏటే వచ్చేసింది.