ఓడల అడుగు గోకేవాడు

హార్బర్‌లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను బుడుంగు. జెట్టీ మీంచి బుడుంగున మునిగి, ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గోకి, గంటన్నర తర్వాత పైకి తేలడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పైన అతని గాలి గొట్టం పట్టుకుని కూర్చునేది సొంత బావమరిది. నీళ్ళలో ఉన్నంతసేపూ బుడుంగు ప్రశాంతంగా ఉంటాడు. తల బయటపెట్టాడా, ఇక విసుగే.

ఆ విసుగుకి కారణం లేకపోలేదు. ఆ నీళ్ళ అడుగున ఏముందో చూసేవాడు హార్బర్ మొత్తానికి అతనొక్కడే. టైర్లు, తెగిన వలలు, సంచులు, ఎవరో పుణ్యాత్ముడు తోసేసిన వాషింగ్ మెషిను. వాటి చుట్టూ బూడిదరంగు బురద. అతను పనిలో చేరిన కొత్తలో జెట్టీ స్తంభాలకి నల్ల ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. ఆ సందుల్లో పీతలు, రొయ్యపిల్లలు, వేలెడంత చేపలు కిటకిటలాడేవి. ఇప్పుడా స్తంభాలు బోడిగుండ్లు. ఈ మాట చెబితే, "నీళ్ళు నీలంగానే ఉన్నాయి కదా బుడుంగూ" అనేవాళ్ళు. అలా అన్నవాళ్ళే తాగిన సీసా అతని కళ్ళముందే నీళ్ళలోకి విసిరేవాళ్ళు. ఒకసారి అలాంటి సీసా, తేలుతున్న అతని నెత్తినే సరిగ్గా పడింది. "చూసుకోవద్దా?" అని విసిరినవాడే కసిరాడు.

ఇంటికొచ్చి ఇదంతా భార్యకి చెప్పుకునేవాడు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని కర్టెన్లూ సోఫా గలేబులూ కుడుతుంది. మిషను తొక్కుతూనే వినేది, ఊఁ కొట్టేది. ఒక సెలవురోజు మాత్రం బాత్‌రూమ్‌లోంచి కేకేసింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

"ఇప్పుడే కూర్చున్నానే."

"కూర్చుంది చాల్లెండి. మీరు నీళ్ళలో వేసుకునే సూటు నానబెట్టిన టబ్బు చూడండి. తోమీ తోమీ నా చేతులు పడిపోతున్నాయి. అడుగున ఈ ఎర్ర మడ్డేమిటి?"

"రంగు. ఓడ అడుగున వేస్తారు. గుల్లలు పట్టకుండా అందులో రాగి మందు కలుపుతారు."

"పడితే?"

"చస్తాయి."

ఆమె బ్రష్షు కిందపెట్టింది. "సూటుకి అంటుకున్నదే ఇంత ఉంటే, మీరు గోకిందంతా ఎక్కడికి పోతోంది?"

బుడుంగు టబ్బులోకి వంగి చూశాడు. ఎక్కడికి పోతుంది, సముద్రంలోకే. మర్నాడు ఓడ అడుగున గోకుడు బ్లేడు ఆనించగానే ఎర్రటి పొగలాంటిది లేచి, మెల్లగా కిందికి దిగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న పొగే. ఆ రోజే మొదటిసారి చూసినట్టనిపించింది. ఇన్నాళ్ళూ ఊరందరినీ తిట్టిన మనిషికి, ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తోచలేదు. పైకొచ్చి బావమరిది మీద అరిచాడు.

"నేనేం చేశాను బావా?"

"ఏం చెయ్యలేదు. నోర్ముయ్."

గోకిన రంగుని పీల్చుకునే యంత్రాలు ఉంటాయని ఎవరో చెప్పారు. హార్బర్ ఆఫీసుకి అర్జీ పెట్టాడు. కాళ్ళరిగేలా తిరిగాడు. ఇంజనీరు గారు సంతకానికి వెళ్ళిందన్నారు, తర్వాత పై ఆఫీసులో ఉందన్నారు, చివరికి "ఏ అర్జీ?" అన్నారు. బుడుంగుకి తల ప్రాణం తోకకొచ్చింది.

"వాళ్ళ గొడవ మనకెందుకు?" అంది భార్య. దళసరి గుడ్డతో నిలువెత్తు సంచి కుట్టింది. బావమరిది పాత పంపుకి గొట్టం తగిలించాడు. బ్లేడు పక్కనే గొట్టం మూతి కట్టుకుని గోకితే, మడ్డి నీళ్ళు పైకెక్కి సంచిలో వడకట్టుకోవాలి. మొదటిరోజు సంచి పిగిలి బావమరిది నిలువునా ఎర్రబడ్డాడు. రెండోరోజు గొట్టంలో గుల్ల ఇరుక్కుంది. మూడోరోజు పంపు ఆగింది. ఆరుసార్లు కుట్లు విప్పి కుట్టాక గానీ దారికి రాలేదు. తీరా వచ్చాక ఓడలవాళ్ళు, "ఏంటయ్యా, పూటలో అయ్యే పనికి రోజంతానా?" అని సణుగుడు. బుడుంగు హెల్మెట్ తగిలించుకుని మునిగేవాడు.

అలా రెండేళ్ళు దాటాయి. ఒక ఉదయం నాలుగో నంబరు స్తంభం మీద చెయ్యి ఆనితే గరుకుగా తగిలింది. గోరంత నల్ల చిప్పలు, వందల్లో. బుడుంగు గాలి గొట్టం ఎంత గట్టిగా లాగాడంటే, పైన బావమరిది కంగారుపడి అతన్ని బయటికి ఈడ్చేశాడు.

"ఏమైంది బావా! గాలి ఆడలేదా?"

"ఆల్చిప్పలురా! ఆల్చిప్పలు!"

"అందుకా నా గుండె ఆపేశావు?" అని వాడు నెత్తి కొట్టుకున్నాడు.

తర్వాతి ఏడాదికల్లా ఆరు స్తంభాలు నల్లబడ్డాయి. పీతలు వచ్చాయి. అప్పుడు ఇంజనీరు గారి నుంచి పిలుపొచ్చింది.

"వచ్చే గురువారం తనిఖీ బృందం వస్తోంది. స్తంభాలు నల్లగా అసహ్యంగా ఉన్నాయి. గోకెయ్యి."

"అవి ఆల్చిప్పలండీ!"

"ఏవైతేనేం?"

"ఇంతకీ తనిఖీ దేనికండీ?"

"హార్బర్ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడ్డానికి."

బుడుంగుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయ్యా, ఒక్కో చిప్ప పొద్దస్తమానం నీళ్ళు పీల్చి, మురికి పట్టుకుని, తేట నీళ్ళు వదుల్తుంది. మీ నీళ్ళు కడుగుతున్నది అవేనండీ."

"నాకు పాఠాలు చెప్పకు. నువ్వు కాకపోతే ఇంకొకడు గోకుతాడు."

ఆ మాటకి బుడుంగు ఆగాడు. ఇంకొకడైతే అడుగుదాకా ఊడ్చేస్తాడు. పళ్ళు బిగబట్టి అడిగాడు: "ఎంతవరకు గోకాలండీ?"

"కనిపించినంతవరకు!"

"ఎవరికండీ?"

"జెట్టీ మీద నిలబడ్డవాళ్ళకి! అది కూడా విడమరిచి చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి చాలు."

ఇంజనీరు గారు విసుక్కుంటూనే రాసి మొహాన పడేశారు.

పాటు తీసి నీళ్ళు బాగా దిగినప్పుడు బుడుంగు జెట్టీ మీద నిలబడి, స్తంభం మీద చూపు ఆగినచోట బావమరిదితో సుద్దముక్కతో గీత గీయించాడు. ఆ గీత దాకానే గోకాడు. రాలిన గుత్తులు కొన్నిటిని పట్టి, పాత వలలో కట్టి, గీత కింద నీళ్ళలోనే వేలాడదీశాడు. మిగతావి చేతికందకుండా బురదలోకి జారిపోయాయి. గురువారం వచ్చినవాళ్ళు జెట్టీ మీంచి తొంగిచూసి, స్తంభాలు అద్దంలా ఉన్నాయన్నారు. ఇంజనీరు గారు పొంగిపోయారు.

సాయంత్రం భార్య అడిగింది. "ఎన్ని మిగిలాయి?"

"ముప్పాతిక వంతు."

"మంచిదేగా. మరి ఆ మాడుమొహం ఎందుకు?"

"పావు వంతు పోయాయి కదే. అవి నా చేత్తో గోకినవే."

ఆమె మిషను మీది గుడ్డ పక్కకి జరిపింది. మళ్ళీ తనిఖీ ఎప్పుడట అని అడిగింది. వచ్చే ఏడు ఇదే నెలలో అని చెప్పి, బుడుంగు తల పట్టుకుని కూర్చున్నాడు.