ఒక్కపొద్దు గ్లాసులు

మంచిర్యాలలో నలభై మందిని భోజనానికి పిలిచి, ఆకుల ముందు కూర్చోబెట్టి, సగం మందిని పస్తు పెట్టినంత పని చేసిన ఘనురాలిని నేనే. ఆ పాపంలో భౌతికశాస్త్రానికీ వాటా ఉంది గానీ, మా అమ్మ, అదే మా అవ్వ, నన్నొక్కదాన్నే తిట్టింది.

చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. బొగ్గు గని నుంచి వచ్చి, చెవుల్లో నల్లదుమ్ము వదలకముందే పాఠం మొదలుపెట్టే మా నాన్న, మా బాపే నా బడి. అలాంటి నాకు పరిశోధనలో సీటొచ్చింది. అంతా దేవుడి దయ. అందుకే అవ్వ అన్నం పెట్టిస్తానని మొక్కుకుంది. బంతిలో కూర్చున్న ఒక్కరు ఆకలితో లేచినా మొక్కు చెల్లదు.

భోజనాల రోజు ఉదయం బాపు అడిగాడు. "ఇంతకు నువ్వు సదివేదేంది బిడ్డా? నలుగురు అడిగితే చెప్పాలె గదా."

ఆకులూ స్టీలు గ్లాసులూ పరిచే ఉన్నాయి. ఇంకేం! ఒక గ్లాసు నిలబెట్టి, పక్కది బోర్లిస్తూ బంతి పొడవునా పోయాను.

"గిది యాంటీఫెర్రోమాగ్నెట్ బాపూ. అన్నీ బుల్లి అయస్కాంతాలు. ఒకటి పైకి సూస్తే పక్కది కిందికి సూస్తది. నడుమ ఒకటి తీస్తే ఖాళీ అయితది. పక్కది గా ఖాళీలకు జరిగితే వరుస చెడుతది. ఖాళీ గట్ల తిరుగుతుంటే ఏమైతదో, ఒక్కొక్క గ్లాసు లెక్కవెట్టకుంట చెప్పే సిద్ధాంతం నాది."

బాపు ముఖం వెలిగిపోయింది. అంతలో చుట్టాలు వచ్చారు. గ్లాసులు అలాగే ఉండిపోయాయి.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. ఒక్కపొద్దు, అంటే ఉపవాసం, ఉన్నవాళ్లూ బంతిలో కూర్చుంటారు, కాకపోతే గ్లాసు బోర్లిస్తారు. వాళ్లకు అన్నం వడ్డించరు. బగారన్నం బకెట్‌తో వచ్చిన చిన్నమ్మ ఒకరికి పెట్టింది, ఒకరిని దాటింది. అన్నం పడనివాళ్లు ఇదీ మొక్కులో భాగమేననుకుని భక్తిగా చేతులు జోడించారు!

ఇంతలో, బంతి నడుమ కూర్చుని గబగబా తినేసిన రాజయ్య మామకు ఫోనొచ్చింది. "షిఫ్టుకు పిలుస్తుండ్రు" అంటూ, ఆకు తీసి, కంగారులో తన గ్లాసు కూడా పట్టుకుని పోయాడు.

"నడుమ చోటు ఖాళీగ ఉండొద్దు, జరుగుండ్రి!" అంది అవ్వ.

పక్కనున్న కొమురయ్య తాత తన ఆకుతో, బోర్లించిన గ్లాసుతో సహా జరిగాడు. మారు వడ్డనకు వచ్చిన చిన్నమ్మ మళ్లీ దాటేసింది.

"నాకు రెండుసార్ల ఒక్కపొద్దేంది?" అన్నాడు తాత.

ఆయన వెనక మరొకరు జరిగారు, ఆ వెనక ఇంకొకరు. ఖాళీ చోటు బంతి చివరిదాకా ప్రయాణం కట్టింది. వాకిట్లోంచి బాపు చప్పట్లు కొట్టాడు. "బిడ్డా! ఖాళీ నడుస్తుంది సూడు! అచ్చం నువ్వు చెప్పినట్టే!" తర్వాత పెద్ద పెద్ద సభల్లో మాట్లాడాను గానీ, అంత గట్టి చప్పట్లు మళ్లీ వినలేదు.

అవ్వ నావైపు తిరిగింది. "నీ సిద్ధాంతంల ఆకలి లేదానె?"

"లేదవ్వా. చిన్న చిన్నయి వదిలేస్తం."

"కొమురయ్య తాత నీకు చిన్నగ కనవడ్డడా?"

పరుగున పోయి గ్లాసులన్నీ నిలబెట్టాను. అందరూ కడుపునిండా తిన్నారు. మొక్కు దక్కిందని దేవుడికి దండం పెట్టుకుంటుంటే, మా మేనత్త చేతులు కడుక్కుంటూ మెల్లగా అంది:

"బిడ్డా, నేను నిజంగనే ఒక్కపొద్దున్న. మొక్కు పిల్లవు, నువ్వే అచ్చి గ్లాసు లేపితివి. దేవుడే పెట్టిస్తుండనుకొని రెండుసార్లు ఏయించుకున్న."

అన్నం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. భోంచేసి చేతులు కడుక్కున్నవారికి తప్ప, ఈ జన్మలో ఇంకెవరికీ భౌతికశాస్త్రం చెప్పను.