లిమాలో టేబుల్ కింద

ఆక్లాండ్‌లో నేను పనిచేసే గోడౌన్‌లో ఏటా డ్రిల్ చేయిస్తారు. భూమి కదిలితే పరిగెత్తకూడదు, టేబుల్ కింద దూరి దాని కాలు గట్టిగా పట్టుకోవాలి. సెలవులకి పెరూ వెళ్దామని టికెట్ కొన్నాక, అక్కడ భూకంపాలు మామూలేనని విన్నప్పటి నుంచీ నాకు అదే దిగులు.

దిగులుపడ్డట్టే అయింది. అక్కడ అప్పుడే ఎండలు మొదలవుతున్న డిసెంబర్‌లో, లిమాలోని ఓ పాత హోటల్లో టిఫిన్ తింటుంటే కప్పులు గలగలలాడాయి. చటుక్కున టేబుల్ కింద దూరాను. చూస్తే అందరి కాళ్లూ గుమ్మం వైపు పోతున్నాయి. తప్పు చేశానా? లేచి పరిగెత్తాలా? చేతులు మాత్రం టేబుల్ కాలిని వదలవు.

హోటల్ నడిపే ముసలావిడ వెనక్కొచ్చి నన్ను లాగింది. నేను రాలేదు. ఆవిడ మూలుగుతూ మోకాళ్లు వంచి, నా పక్కనే దూరి, భుజం చుట్టూ చెయ్యి వేసింది.

అదురు ఆగాక బయటికొచ్చాం. రోడ్డు మీద పెయింట్‌తో గీసిన పెద్ద సున్నాలో అందరూ నిలబడి ఉన్నారు. ఆవిడ కూతురు ఇంగ్లీషులో నన్ను కసిరింది. "ఇవి మట్టి గోడలు. కదిలితే ఇక్కడికి రావాలి, లోపల ఉండకూడదు!"

"మరి మీ అమ్మగారెందుకు ఉండిపోయారు?"

ఆమె తల్లిని అడిగి చెప్పింది. "నిన్ను లాక్కురావడానికి బలం చాల్లేదట. పక్కన కూర్చోడానికైతే చాలిందట."